షాండీన్ మొదటి నవ్వు

నవాహో తెగవాళ్లుండే డి షే లోయలో ఆంబ్రోస్ బియా పిసినారితనం గురించి తెలియనివాళ్లు ఎవరైనా ఉన్నారంటే, వాళ్లు ఎర్రకొండ గూళ్లలో ఇళ్లు కట్టుకుని, వందల ఏళ్ల కిందటే వెళ్లిపోయిన ఆ పాతకాలపు జనమే. మిగతా అందరికీ తెలుసు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. వేసవిలో టూరిస్టులను ట్రక్కులో ఎక్కించుకుని లోయంతా తిప్పుతూ, "పైన ఆ ఇళ్లను పార్కువాళ్లు కాపాడుతున్నారు, కింద ఈ పీచ్ చెట్లను మేం కాపాడుతున్నాం" అని చెప్పేవాడు. కాపాడటం అంటే కాపాడటమే. రాలిన పండు కూడా ఒకరికి పెట్టిన పాపాన పోలేదు. ఎవరైనా వేళాకోళం చేస్తే, "మా ముత్తవ్వ కాలంలో తెల్లవాళ్ల సైన్యం వచ్చి తోటలన్నీ నరికేసి, మనవాళ్లను ఆకలితో నడిపించుకుపోయింది. దాచుకోవడం తెలిసినవాళ్లే తిరిగొచ్చారు" అనేవాడు.

ఆ ఆగస్టులో ఇంటిల్లిపాదికీ ఒకటే ధ్యాస, అతని చెల్లెలు లోరిండా కూతురు షాండీన్ ఎప్పుడు నవ్వుతుందా అని. నవాహోల ఇళ్లలో పసిబిడ్డను మొదటిసారి నవ్వించినవాళ్లే గొర్రెను కోసి, అందరినీ పిలిచి విందు చెయ్యాలి. బిడ్డ చేత్తో ఒక్కొక్కరికీ ఉప్పు పెట్టించాలి. నవ్వించినవాళ్ల గుణమే బిడ్డకు వస్తుందని నమ్మకం. ఇంటికి పెద్దదైన అక్క వెర్నా, ఆ పని పిన్ని కూతురు డెల్ఫీన్‌దేనని ఎప్పుడో తేల్చేసింది. డెల్ఫీన్‌ది పెట్టే చెయ్యి. ఆవిడ ఆ మధ్యాహ్నమే వస్తోంది.

"అది వచ్చిందాకా పాప ముందు ఎవరూ పళ్లు ఇకిలించకండి" అని వెర్నా హుకుం జారీ చేసింది. తను కూడా పాపను చూసినప్పుడల్లా కోపంగా మొహం పెట్టేది.

తోట చివర పళ్లు కోయడానికి అక్కాచెల్లెళ్లిద్దరూ బయలుదేరారు. పాపను ఎవరు చూసుకోవాలి?

"ఆంబ్రోస్ ఉన్నాడుగా" అంది వెర్నా.

"అన్నయ్యా? పొరపాటున నవ్వించేస్తే?" అంది లోరిండా.

"వాడా? వాడు పుట్టి బుద్ధెరిగాక వాణ్ణి చూసి ఎవరు నవ్వారే? మొన్న ట్రక్కులో టూరిస్టుల పిల్లాడు వాడి మొహం చూసే గుక్కపెట్టి ఏడ్చాడు."

"నేనిక్కడే ఉన్నానక్కా" అన్నాడు ఆంబ్రోస్.

"తెలుసురా. వినాలనే అన్నాను."

ఆంబ్రోస్‌కు మనసు చివుక్కుమంది. పెళ్లాం పిల్లలు లేని మనిషి. రోజూ సాయంత్రం ఏదో వంకతో వచ్చి, గుమ్మంలో నిలబడి పాపను చూసి పోయేవాడు. ఆ మొదటి నవ్వు తనకు దక్కాలని అతనికి ఎంత ఆశో, తన బుద్ధి పాపకు అంటుకోకూడదని అంత భయం. అందుకే ఎప్పుడూ దగ్గరికి వెళ్లలేదు.

పసివాళ్లను గుడ్డల్లో చుట్టి కట్టే చెక్క ఉయ్యాలపలకలో ఉన్న పాపను నీడలో బండకు ఆనించి, వాళ్లు వెళ్లిపోయారు. ఆంబ్రోస్ ఆమెకు వీపు తిప్పి కూర్చుని, బండ మీద ఎండుతున్న పీచ్ ముక్కలను తిరగేస్తున్నాడు. ఇంతలో ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక మేక, ఒక ముక్క నోట కరుచుకుంది.

ఒక్క ముక్క! ఇంకొకరైతే పోనీలే అనుకుంటారు. ఆంబ్రోస్ దూకి రెండో కొస పట్టుకున్నాడు.

"వదలవే దొంగమొహమా!"

మేక లాగింది. ఇతనూ లాగాడు. కాసేపు అలా నువ్వా నేనా అనుకున్నాక మేకకే సిగ్గేసిందో ఏమో, ఉన్నట్టుండి వదిలేసింది. ఆంబ్రోస్ వెల్లకిలా వెళ్లి, మిగలపండిన పళ్ల బుట్టలో కూలబడ్డాడు. రసం చెవుల దాకా చిందింది.

అప్పుడు వినిపించింది కిలకిలమని. ఎవరా అని చుట్టూ చూశాడు. షాండీన్ బోసినోరు తెరిచి, అతన్నే చూస్తూ నవ్వుతోంది.

అంత ఆనందం అతను ఎప్పుడూ ఎరగడు. వెంటనే భయమూ వేసింది. వాగు ఇసుకలో డెల్ఫీన్ ట్రక్కు చప్పుడు దగ్గరపడుతోంది. ఇక్కడ జరిగింది ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే చాలు, గొర్రె దొడ్లో ఉంటుంది, ఎండుపళ్ల కొట్టు తాళం కొట్టుకే ఉంటుంది, పాపకు డెల్ఫీన్ మంచితనం వస్తుంది. అందరికీ లాభమే. కానీ షాండీన్ మళ్లీ నవ్వింది. ఆ నవ్వు తనది. ఎవరికీ ఎండుముక్క కూడా ఇవ్వనివాడు, దీన్ని డెల్ఫీన్‌కు ఎలా ఇస్తాడు?

"నవ్వింది! నన్ను చూసి నవ్వింది! నాదీ, నాదీ!" అని లోయంతా మారుమోగేలా అరిచాడు.

వెర్నా రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. "ఓరి నీ దుంపతెగ! ఎవరు చూశారు?"

"మేక చూసింది."

లోరిండా పడీపడీ నవ్వింది. వెర్నా నెత్తిన చేతులు పెట్టుకుంది. "అయిపోయింది. ఈ పిల్ల పెద్దయ్యాక నాకు కాఫీలోకి చక్కెర పలుకులు లెక్కపెట్టి వేస్తుంది."

అప్పుడే ట్రక్కు దిగిన డెల్ఫీన్‌కు సంగతి అర్థమైంది. "పోనీలే అక్కా. తమ్ముడూ, గొర్రె నేను తెస్తాలే."

"అక్కర్లేదు. గొర్రె నాదే. పళ్లూ నావే" అన్నాడు ఆంబ్రోస్.

ఆ వారంలోనే అన్నంత పనీ చేశాడు. ఆంబ్రోస్ విందంటే నమ్మక, చూసిపోదామని వచ్చినవాళ్లే సగం మంది. పార్కు యూనిఫాంలో ఉన్న అమ్మాయి కూడా దారిన పోతూ ఆగింది. మాంసం పులుసు ఉడుకుతోంది, నూనెలో రొట్టెలు పొంగుతున్నాయి. అతను కొట్టు తాళం తీసి, ఎన్నేళ్లుగానో దాచిన ఎండుపళ్లన్నీ బయట పోశాడు.

జనం పళ్లేలతో వరస కట్టారు. ఆంబ్రోస్ పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆమె చేతిలో ఉప్పు పోశాడు. షాండీన్ గుప్పిట బిగించింది. ముందు నిలబడ్డ వెర్నా అరచెయ్యి చాపింది. గుప్పిట తెరుచుకోలేదు.

"చూశారా, మేనమామ పోలికే!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ గొల్లుమన్నారు.

ఆంబ్రోస్ నవ్వలేదు. మొహం పాలిపోయింది. బలవంతంగా వేళ్లు విప్పబోయి ఆగాడు. ఒకరిని చెయ్యిచాచి అడగడం అతనికి తెలియదు. అయినా పాప ముందు అరచెయ్యి పట్టి, "నాకు పెట్టవా తల్లీ" అన్నాడు.

షాండీన్ ఆ చేతినీ, అతని మొహాన్నీ చూసింది. వేళ్లు విచ్చుకున్నాయి. ఉప్పు అతని అరచేతిలో రాలింది. నాలుక మీద వేసుకున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోతుంటే తుడుచుకోలేదు.

ఇక ఆ పిల్ల ఆగలేదు. వెర్నా చేతిలో, డెల్ఫీన్ పళ్లెంలో, పార్కు అమ్మాయి బూట్ల మీద, ఎక్కడపడితే అక్కడ చల్లేస్తోంది.

"ఒరేయ్, ఉప్పు అయిపోతుందేమో, కాస్త చూసి పెట్టించు" అంది వెర్నా.

"అయిపోనీ అక్కా" అన్నాడు ఆంబ్రోస్.