ఇరవై ముఖాలున్నా తప్పు నాది కాదు

నేను ఒక పాచికను. పాచిక అనగానే జూదం, రాజ్యాలు పోగొట్టుకోవడం గుర్తొచ్చి మొహం చిట్లించకండి. ఆ పాపంలో నాకు వాటా లేదు. నాకు ఇరవై ముఖాలు, ముఖానికో అంకె. ప్లాస్టిక్ లాంటి ఎర్రటి రెజిన్‌ను అచ్చులో పోసి, గట్టిపడ్డాక రాళ్ళతో కలిపి డ్రమ్ములో వేసి, ఒళ్ళు నునుపయ్యేదాకా గిరగిరా తిప్పి లోకం మీదికి వదిలారు.

మొదట నన్ను కొన్నది హైదరాబాదులో ఒక ఇంజనీరింగ్ కుర్రాడు. ఆడటానికి జట్టు దొరక్క, పరీక్షకు ఏ పాఠం చదవాలో తేల్చుకోవడానికి నన్ను వేసేవాడు. పరీక్ష తప్పాడు. "అంతా దీనివల్లే" అన్నాడు. చదవాల్సింది వాడు, చీవాట్లు నాకు! ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంటుంది మనుషుల వ్యవహారం. విసుగొచ్చి నన్ను గుంటూరులో ఉన్న స్నేహితుడు శశాంక్‌కు ఇచ్చేశాడు.

శశాంక్ ఇంట్లోంచే కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. ఆదివారం మధ్యాహ్నం అపార్ట్‌మెంటులోని ముగ్గురు అతని ఇంటికొస్తారు. వాళ్ళాడేది రోల్‌ప్లే ఆట. శశాంక్ కథ నడుపుతాడు, తక్కినవాళ్ళు తలో పాత్ర అవుతారు. తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు, అది సాగుతుందో లేదో తేలకపోతే నన్ను వేస్తారు. పెద్ద అంకె పడితే సాగినట్టు, ఒకటి పడితే కొంప మునిగినట్టు.

ఆ ముగ్గురిలో ఇమ్రాన్ పళ్ళ డాక్టరు. సామ్రాజ్యం గారు టెలిఫోన్ ఆఫీసులో చేసి రిటైరైంది, మాటల పుట్ట. మూడో మనిషి వకుళ. ఆమె బావగారితో, అంటే భర్త అన్నతో, కలిసి మందుల షాపు నడుపుతుంది. వారమంతా "సరేనండీ" అనడమే ఆమె బతుకు. ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే ఆమెది. ఆ పూట కూడా షాపు తెరుద్దామని బావగారు పోరు పెడుతున్నాడు.

ఏ ఆట ఆడదామని శశాంక్ మొదట్లోనే అడిగాడు. "నీ ఇష్టం బాబూ" అంది సామ్రాజ్యం. "ఏదైనా ఓకే" అన్నాడు ఇమ్రాన్. "మీరెట్టా అంటే అట్టా" అంది వకుళ. ఆహా, ఏం మొహమాటం! దాంతో శశాంక్ తనకిష్టమైనది పెట్టాడు. ఇటుకంత రూల్సు పుస్తకం, అడుగడుక్కీ కత్తియుద్ధాలు, రాక్షసులు. సామ్రాజ్యం గారు రాక్షసుడితో కబుర్లు పెట్టుకోబోతే, శశాంక్ ఆమె చేత కత్తి దూయించాడు. ఇమ్రాన్ ఆవలింతలు మింగాడు. మూడో ఆదివారం వకుళ పాత్ర మొదట్లోనే చచ్చిపోయింది. నేను ఒకటి చూపించాను, నిజమే. పాత్ర పోతే ఆ పూటకి ఆట లేనట్టే గనక, ఆ మధ్యాహ్నమంతా ఆమె టీలు పోస్తూ కూర్చుంది. ఎవరు పలకరించినా "పర్లేదండీ" అంది.

నాలుగో వారం నా మీద విచారణ మొదలెట్టారు. ఇమ్రాన్ గ్లాసెడు ఉప్పునీళ్ళలో నన్ను తేల్చాడు. బరువు ఒకవైపే ఉంటే ఎప్పుడూ ఒకే అంకె పైకొస్తుందట. నేను ఎన్నిసార్లు మునిగి లేచినా వేరే వేరే అంకెలే చూపించాను. అయినా వదిల్తేగా!

"దీనికెవరిదో దిష్టి తగిలిందిరా అబ్బాయ్" అంటూ సామ్రాజ్యం గారు ఎండుమిరపకాయలు తిప్పింది. ఉప్పు, కారం రెండూ అయ్యాయి, ఇక పచ్చడి పెడతారేమో అనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది నాకు. నా లెక్క సరిగ్గానే ఉంది. మీకు నప్పని ఆట పెట్టుకుని నన్ను దులుపుతారా?

నాకు నోరు లేదు. ఉన్నవాళ్ళు మాట్లాడాలిగా. అప్పుడు నేను వకుళ గుప్పిట్లో ఉన్నాను. ఇక రానని చెప్పి పోతుందని నాకు భయమేసింది.

"దాన్నేమనమాకండి" అంది వకుళ. "ఆటే నాకు నచ్చలా."

శశాంక్ మొహం మాడిపోయింది. "మొదట్లోనే చెప్పొచ్చుగా అక్కా?"

"అప్పుడు నోరు రాలా. ఇప్పుడు చెప్తున్నా. చస్తే పక్కన కూర్చోబెట్టే ఆట నాకొద్దు. వారమంతా పక్కనే కూర్చుంటున్నా."

 సామ్రాజ్యం గారు అందుకుంది. "నాక్కూడా ఈ చంపుకోడాలు ఏందిరా అనిపిస్తానే ఉంది. నలుగురితో మాట్లాడి కూపీ లాగే కథ పెట్టు." రూల్సు ఒక్క కాగితం దాటకూడదన్నాడు ఇమ్రాన్. శశాంక్ అలిగాడు, రెండు జంతికలు తిన్నాడు, తర్వాత నవ్వాడు. చిన్న రేవు పట్నంలో పోయిన వస్తువును వెతికే ఆట తీశాడు. దానికి మామూలు ఆరుముఖాల పాచికలు రెండు చాలు.

నాకు పని లేదు. బిస్కెట్ల డబ్బా మూతలో పడున్నాను. పడుంటే ఏం? నేనేం చెత్తలోకి పోలేదు, తప్పు చేసి తలదించుకోలేదు. మీకు సరిపడే ఆట నాతో కాకపోతే మానెయ్యండి, ఆడటం మాత్రం మానకండి.

కొత్త ఆటలో వకుళ ఎవరికీ తలొగ్గని పడవ నడిపే గయ్యాళి. నిన్న ఆదివారం కథలో రేవు దగ్గర కొత్వాలు ఆమె పడవను ఆపాడు. ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని వాడిని ఏకిపారేస్తుండగా ఫోను మోగింది. బావగారు. ఆమె స్పీకరు నొక్కింది.

"షాపు తెరిచానమ్మా, వచ్చెయ్."

"రానండీ."

"ఏం, ఒంట్లో బాలేదా?"

అందరూ ఆమెనే చూస్తున్నారు. 

"ఒంట్లో బాగానే ఉంది బావగారూ. ఆడుకుంటున్నా" అని ఫోను పెట్టేసి, వకుళ పాచికలు చేతిలోకి తీసుకుంది.