ఖరీదైన పెట్రోలు

పొద్దున పనిలోకి చేరేలోపు కావలసిన పనులు ఇవి. పాలు కాచాలి. అత్తగారి మోకాళ్ళకి వేడినీళ్ళ సంచి పెట్టాలి. మూడు డబ్బాలు సర్దాలి, ఆయన డబ్బాలో కూర అన్నానికి తగలకూడదు. పిల్ల రెండో సాక్సు ఎక్కడుందో వెతికిపెట్టాలి. ఆరిన బట్టలు తీయాలి, తడివి ఆరెయ్యాలి. నీళ్ళ మోటారు ఆపడం మరిచిపోకూడదు. పిల్లని బడి దగ్గర దింపాలి. ఆఖరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: బండిలో ఖరీదైన పెట్రోలు పోయించాలి.

వీటిలో ఆయన నోరు తెరిచి చెప్పింది ఈ ఆఖరి పని ఒక్కటే. మిగతావి ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే చిన్న కోడలివి అయిపోయాయి.

ఆ బండి మహా బండేమీ కాదు. పిడికెడు ఇంజను, ఎత్తు ఎక్కేటప్పుడు ముక్కుతూ మూలుగుతూ ఎక్కే స్కూటరు. మామూలు పెట్రోలు వీధి చివరి బంకులోనే దొరుకుతుంది. ఖరీదైనది పోసే బంకు మాత్రం పెద్ద రోడ్డు దాటి, వంతెన దిగి, మళ్ళీ చుట్టు తిరిగి రావలసినంత దూరం. అంత చిన్న బండికి అది అవసరమా అని బండి చేతికొచ్చిన కొత్తలో ఆమె ఒకసారి అడిగింది. ఆయన కోప్పడలేదు. కోప్పడే మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. గుడ్డతో బండి అద్దం తుడుస్తూ నెమ్మదిగా చెప్పాడు. "చిన్న ఇంజను కదాని చిన్నచూపు చూడకు. లోపల ఏం పోస్తామో అదే బయటికొస్తుంది. నీ మంచికే చెప్తున్నా."

ఆ మాట వెనక ఒక చావు ఉంది కాబట్టి ఆమె మళ్ళీ అడగలేదు.

ఈ బండి మొదట పెద్ద కోడలిది. ఈమె కాపురానికి వచ్చేనాటికే ఆమె ఆ ఇంటి పనంతా నెత్తిన వేసుకుని తిరుగుతుండేది. రెండేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం, ఎండలో, నాలుగు రోడ్ల కూడలి దగ్గర పడిపోయింది. తల రోడ్డు అంచుకి తగిలింది, ఆస్పత్రికి చేరేలోపే పోయింది. బావగారు ఊరు మార్చుకుని వెళ్ళిపోయారు. బండి బాగుచేయించి చిన్న కోడలికి ఇచ్చారు. వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ అత్తగారు ఆ కథ చెప్పే పద్ధతి ఒకటుంది. "ఎంత చెప్పినా వినకుండా ఆ వీధి చివర నీళ్ళ పెట్రోలే పోయించేది. నడిరోడ్డులో బండి టక్కున ఆగిపోయి పడేసింది. ఆ టైర్ల కొట్టతను దేవుడల్లే పరుగెత్తుకొచ్చి తాళం తిప్పాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ చక్రం గిర్రున తిరుగుతూ ఇంకెవరి కాలు విరగ్గొట్టేదో." విన్నవాళ్ళు అయ్యో అనేవాళ్ళు. పెట్రోలు మంచిది పోయించుకోవాలమ్మా అని చిన్న కోడలికి నాలుగు మాటలు చెప్పి వెళ్ళేవాళ్ళు.

చిన్న కోడలు కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళకి ఒక అద్దం, తరవాత ఇంకో అద్దం పెట్టి, ఇదా, అదా, ఏది బాగా కనిపిస్తోంది అని అడగడం పని. పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడే. కూర్చుంటానంటే యజమాని, కుర్చీ కస్టమర్లకమ్మా, మీరు నవ్వుతూ నిలబడితే చాలు అంటాడు. ఆ పనిలో ఆమెకి తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. ఒక్కోసారి పరీక్ష కోసం అదే అద్దాన్ని రెండుసార్లు పెడుతుంది. చాలామంది తడుముకోకుండా, రెండోది బాగుందండీ అంటారు. చదువుకున్నవాళ్ళు మరీ గట్టిగా అంటారు. మనిషి కంటితో చూడడు, ముందే అనుకున్నదానితో చూస్తాడు.

ఒక వర్షం పొద్దున బడి గంట కొట్టే వేళైపోయింది, వంతెన దాకా వెళ్ళే వీలు లేక వీధి చివర మామూలు పెట్రోలే పోయించింది. ఆ ఆదివారం ఆయన పిల్లని ఎక్కించుకుని బండి మీద అలా తిరిగొచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ అన్నాడు. "చూశావా, వెన్నలా పోతోంది. మంచిది పోస్తే తేడా తెలుస్తుంది." ఆమె వంటింట్లో గిన్నె తోముతూ, రెండోది బాగుందండీ అని గొణుక్కుంది. నవ్వొచ్చింది, ఆ నవ్వు వెంటనే చేదైపోయింది. మర్నాటి నుంచి వంతెన దిగడం మానేసింది. మిగిలిన ఆ కాస్త సమయంలో ఏం చేసేదో తెలుసా? దుకాణం వెనక బండి ఆపి, దాని మీదే కూర్చుని కళ్ళు మూసుకునేది. అంతే. ఇంటికి తెలియకుండా ఆమె దొంగిలించిన ఆస్తి అదొక్కటే.

కొన్నాళ్ళుగా మెట్లెక్కితే గుండె దడదడలాడుతోంది. గోళ్ళు పెళుసుబారాయి. ఇంకో వింత అలవాటు పట్టుకుంది. ఫ్రిజ్ తలుపు తీసి, ఐసు ముక్కలు నోట్లో వేసుకుని కరకరా నమలడం. వద్దనుకున్నా చెయ్యి ఆగడం లేదు. ఒకరోజు దుకాణంలో, ఇదా, అదా అని అడుగుతూ ఉండగా ఎదుటి మనిషి ముఖం తెల్లటి మచ్చైపోయింది. బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది. యజమాని మొదట అద్దాల పెట్టె కిందపడలేదు కదా అని చూసి, తరవాత ఆమెని చూశాడు.

మధ్యాహ్నం విరామంలో దగ్గరి ఆస్పత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ కంటి కింది రెప్ప లాగి చూసి, రక్త పరీక్ష చేయించింది. కాగితం చూస్తూ తలెత్తకుండానే అడిగింది.

"ఐసు తినాలనిపిస్తుందా?"

చిన్న కోడలు ఔనంది. ఐసు. పెద్ద కోడలు బయటినుంచి రాగానే మెట్ల మీద కూర్చునేది, తాళాలు చేతిలో అలాగే పట్టుకుని. కాసేపటికి లోపలికొచ్చి గ్లాసు నిండా ఐసు పోసుకుని నమిలేది. అత్తగారు దాన్ని బద్ధకం అనేవారు, బావగారు ఎలుక అని ఏడిపించేవారు, అందరూ నవ్వేవాళ్ళు. కొత్త కోడలిగా ఈమె కూడా నవ్వింది.

రక్తం చాలా తక్కువగా ఉందని, ఐసు మీదికి మనసు పోవడం దాని గుర్తేనని డాక్టరమ్మ చెప్పింది. ఎందుకు తగ్గిందో చూడాలంది. మాత్రలతో ఇప్పుడు సరిపోదు, సెలైను పెట్టి ఐరను మందు ఎక్కించాలి, కొన్నిసార్లు వచ్చి పడుకోవాలి, అప్పటిదాకా బండి నడపకూడదు అంది. నడుపుతూ కళ్ళు తిరిగితే పడిపోతావమ్మా అంది.

ఆ సాయంత్రం అన్నం దగ్గర ఆ సంగతి చెప్పింది. ఆయన బాధపడ్డాడు, నిజంగానే. బలానికి ఏదైనా తిను, టైముకి తిను అన్నాడు. ఈ వారం బండి సర్వీసింగు ఉంది, వచ్చే వారం చూద్దాం, పిల్లని బడికి ఎవరు దింపుతారు అన్నాడు. అత్తగారు ఆ ఐసు మానెయ్ అమ్మాయ్ అన్నారు, పెద్దదానికీ అదే పాడలవాటు, అదీ ఇలాగే వాడిపోయి ఉండేది, పైగా ఆ నీళ్ళ పెట్రోలొకటి అంటూ, అలవాటుగా కథలోకి దిగారు. బండి టక్కున ఆగిపోవడం, టైర్ల కొట్టతను పరుగెత్తుకు రావడం, తిరుగుతున్న చక్రం.

చిన్న కోడలు ముద్ద కంచంలో పెట్టేసింది.

"అత్తయ్యా, బండి ఆగిపోతే చక్రం ఎలా తిరిగింది?"

ఆయన తలెత్తి ఆమెని చూశాడు.

"ఆ కొట్టతను తాళం తిప్పి ఆపాడన్నారు కదా. ఆగిపోయిన బండిని ఆపడమేమిటి? ఆ రోజు బండి ఆగలేదు అత్తయ్యా. అక్క ఆగిపోయింది."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన కంచంలోకి చూస్తూ, ఆ రోజు వదిన్ని చూసిందెవరు, నీకు ఒంట్లో బాగోక ఏదేదో అనుకుంటున్నావు అన్నాడు. అప్పుడామె, వర్షం కురిసిన ఆ పొద్దున నుంచి బండిలో పోస్తున్నది మామూలు పెట్రోలేనని చెప్పేసింది. వెన్నలా పోతోందని ఆయన మెచ్చుకున్నది దాన్నేనని కూడా చెప్పింది.

ఆయన ముఖం ఒక్కసారి మారిపోయింది. అంతసేపటినుంచి ఆమె ఎదురుచూస్తున్న ఆదుర్దా, కోపం, భయం అన్నీ ఆ ముఖంలోకి వచ్చాయి.

"ఇన్నాళ్ళూ మామూలుదే పోశావా?"

చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళి, దీపం వేసి, బండి స్టార్టు చేసి చెవి పెట్టి విన్నాడు. ఇంజను హాయిగా తిరుగుతోంది. అది వింటూ లోపల కూర్చున్న ఆమెకి ఏడుపు రాలేదు. ఆయన చెడ్డవాడైతే ఎంత బాగుండేదో అనిపించింది. ఆయన చూపించినది ప్రేమే. అది వచ్చి వచ్చి టాంకు మూత దగ్గర ఆగిపోయింది.

తెల్లారాక పాలు కాచలేదు, డబ్బాలు సర్దలేదు. తాళం తీసుకెళ్ళి ఆయన చెప్పుల మీద పెట్టింది.

"పిల్లని మీరు దింపండి. నేను బస్సులో ఆస్పత్రికి వెళ్తున్నాను."

"ఎన్నాళ్ళిలా?"

"నాకు రక్తం పట్టేదాకా. బండిలో ఏం పోయించుకుంటారో మీ ఇష్టం."

ఆస్పత్రి మంచం మీద, చేతికి సూది, పైన సీసాలోంచి మందు చుక్క చుక్కగా దిగుతోంది. పట్టపగలు పడుకోవడం ఆమెకి కొత్త. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. నర్సు వచ్చి, హాయిగా చాపుకోండమ్మా అంటే అప్పుడు చాపుకుంది.

ఈ కథ చదివినవాళ్ళని ఒక్కటే అడగాలని ఉంది. మీ ఇంట్లో ఎవరైనా ఐసు నములుతుంటే నవ్వకండి. ఇంటికి వచ్చి కూడా లోపలికి రాలేక మెట్ల మీద కూర్చుండిపోతే బద్ధకం అనకండి. తాళాలు చేతిలో పట్టుకుని అలా కూర్చునే ఆ పెద్ద కోడల్ని ఒకసారి తలుచుకోండి. బండిని కాదు, ఆమెని.