చప్పుడు లేని చదువు

కుట్టుమిషను ఆగిందంటే ఆ ఇంట్లో అమ్మ చెవులు రిక్కించిందన్నమాటే.

"ఏమే పిచ్చుకా, ఫోను మోగట్లేదేం?"

"చదువుకుంటున్నానమ్మా."

"చదువుకుంటే మోగాలిగా! ఏదీ, ఇలా పట్రా."

పదో తరగతి కూతురు లేచి వచ్చి ఫోను తల్లి ముందు పెట్టింది. తెర నిండా చీమల బారులా అక్షరాలు. బొమ్మా లేదు, మాటా లేదు. అమ్మ గుండెలో రాయి పడింది.

"ఎవరు రాశారే ఇంత ఉత్తరం నీకు?"

"ఉత్తరం కాదమ్మా, పాఠం. రక్తం ఎలా తిరుగుతుందో రాసి ఉంది."

"పాఠమైతే ఎవరో ఒకరు చెబుతారు. ఇలా నోరు మూసుకుని ఉండదు. ఆపెయ్."

ఆమెను చూసి నవ్వకండి. ఐదో తరగతితో ఆగిపోయిన మనిషి. భర్త లారీ తోలుతూ ఎప్పుడూ రోడ్డు మీదే ఉంటాడు. బడిపిల్లల యూనిఫారాలు కుడుతూ, ఫోను వల్ల ఏ ఇంట్లో ఏ పిల్ల ఏమైందో ఎదురింటి వదిన మోసుకొచ్చే కబుర్లన్నీ విని, వాటన్నిటిలోనూ తన కూతురినే ఊహించుకుని వణికేది. పక్కన కూర్చుని కనిపెట్టుకుని ఉండే తీరిక లేదు. కళ్ళు గుడ్డ మీద నుంచి తిప్పితే సూది వేలిలో దిగుతుంది. ఖాళీగా ఉన్నవి చెవులే. అందుకని ఒక నియమం పెట్టింది: ఫోను చేతిలో ఉన్నంతసేపూ గట్టిగా మోగుతూ ఉండాలి. మోగితే చదువు, మోగకపోతే ఏదో జరుగుతోందని లెక్క.

పిల్లలు మన నియమాలకు తగ్గట్టే పెరుగుతారు. నిశ్శబ్దంగా చదివే పేజీ తెరిచినప్పుడల్లా చీవాట్లు పడుతుంటే, ఆ పిల్ల మోగేదాన్నే వెతుక్కుంది. ప్రశ్న చూపిస్తే చాలు, తేనె పూసిన గొంతుతో జవాబు గడగడా అప్పజెప్పే యాప్ ఒకటి దొరికింది. ఎవరు తయారు చేశారో, ఎక్కడ నుంచి చెబుతోందో పిల్లకీ తెలియదు. అమ్మకు మాత్రం ఆ గొంతు వింటుంటే ప్రాణం కుదుటపడేది.

"విన్నావా వదినా, మా పిల్ల ఫోనులో టీచరమ్మే ఉంది!"

"అదృష్టవంతురాలివి. మావాడి ఫోను తెరిస్తే తుపాకులే. పొయ్యి దగ్గర నేను రోజూ యుద్ధంలో చచ్చి బతుకుతున్నాను" అంది ఎదురింటి వదిన.

ఆ సంబరం ఎక్కువకాలం నిలవలేదు. బడి నుంచి పిలుపు వచ్చింది.

సైన్సు టీచరమ్మ ప్రాజెక్టు కాగితాలు బల్ల మీద పరిచింది. "గుండె నుంచి రక్తాన్ని తీసుకెళ్ళేవి ధమనులు, తిరిగి తెచ్చేవి సిరలు. మీ అమ్మాయి తలకిందులుగా రాసింది. ఇంకో నలుగురు కూడా అక్షరం పొల్లు పోకుండా ఇదే తప్పు రాశారు. తప్పు కూడా కాపీయేనా?"

"మా పిల్ల కాపీ కొట్టదమ్మా. నేను విన్నాను, పక్కనే ఉండి విన్నాను."

"ఎల్లుండి పొద్దుటికి సొంతంగా రాసి తేవాలి. లేకపోతే ఈ మార్కులు పడవు. ఇవి పడకపోతే పరీక్షకు పంపడం నా చేతిలో ఉండదు."

ఇంటికొచ్చే దారంతా అమ్మ ఒకటే లెక్క వేసుకుంది. పరీక్ష లేదు అంటే పై చదువు లేదు, ఇక జీవితమంతా ఈ మిషనేనన్న మాట. భయం నాలుక మీదికి వచ్చేసరికి కోపమైంది.

"ఇక నీకు ఫోనూ వద్దు, బడీ వద్దు. రేపొక్కరోజు వెళ్ళి టీచరమ్మ కాళ్ళు పట్టుకో. ఒప్పుకోకపోతే వచ్చి కాజాలు కుట్టడం నేర్చుకో!"

ఫోను మిషను సొరుగులో పడింది, తాళం పడింది. గలగలా వాగుతుందని పిచ్చుక అని పేరు పెట్టిన పిల్ల అన్నం ముందు కూర్చుని, కలిపి, అలాగే వదిలేసి లేచింది.

మర్నాడు బడి వదిలిన పిల్లలంతా వీధిలోంచి వెళ్ళిపోయారు. పిచ్చుక రాలేదు. వీధి ఖాళీ అయింది. అయినా రాలేదు.

అమ్మ సొరుగు తెరిచి భర్తకు ఫోను చేసింది.

"లోడుతో దూరంలో ఉన్నానే. కంగారు పడకు. స్నేహితురాలింటికి వెళ్ళి ఉంటుంది."

"నువ్వెప్పుడూ ఇంతే. నీకేం, నీ చేతిలో స్టీరింగు ఉంది. నా చేతిలో ఏముంది?"

పెట్టేశాక వేలు ఎక్కడ తగిలిందో, పిల్ల అంతకుముందు ఫోనులో వెతికిన మాటలు తెర మీదికి వచ్చాయి. అమ్మ కూడబలుక్కుంటూ చదివింది.

గుండె ఆగిపోతే ఎంతసేపటికి ప్రాణం పోతుంది?

మళ్ళీ చదివింది. అక్షరాలు మారలేదు.

మెడలో కొలతల టేపు వేలాడుతుండగానే వీధిలోకి పరుగెత్తింది. "వదినా, చెప్పులు! చెప్పులైనా వేసుకో!" అని ఎదురింటి వదిన అరుపు వెనకే ఉండిపోయింది. ముందు రైలు గేటు దగ్గరికి వెళ్ళింది. ఎందుకంటే ఆమె విన్న కబుర్లన్నీ అక్కడే ముగిసేవి.

"ఇటు ఏ పిల్లా రాలేదమ్మా" అన్నాడు గేటు కాపలాదారు.

"సరిగ్గా చూశావా అన్నా? నీలం గౌను, రెండు జడలు..."

"చూశానమ్మా. రాలేదు. నువ్వు పట్టాల మీద నుంచి ఇవతలికి రా ముందు."

అక్కడ నుంచి బడికి పరుగుతీసింది. దారి పొడుగునా ఒకటే మాట: నేనే అన్నాను. బడి వద్దన్నాను. నా నోటితో నేనే అన్నాను.

టీచరమ్మ తలుపు వేసి వెళ్ళబోతోంది. అమ్మ ఫోను ఆమె మొహం ముందు పెట్టి కూలబడింది. "నా బిడ్డ పోయిందమ్మా. చూడండి, ఏం రాసుకుందో చూడండి."

టీచరమ్మ చదివింది. రంగు మారిన ఆమె మొహం మెల్లగా తెరిపిన పడింది. తనూ నేల మీదే కూర్చుంది.

"అమ్మా, ఇది నేనిచ్చిన ప్రశ్న. ప్రాజెక్టులో ఆఖరిది."

"ప్రశ్నా?"

"ప్రశ్నే. ఒట్టు."

ఊపిరి తిరిగింది గాని బిడ్డ తిరిగి రాలేదు. "అయితే నా పిల్లేదీ?"

టీచరమ్మ నుదురు రుద్దుకుని, "మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి, ఊరి గ్రంథాలయంలో కంప్యూటరు వాడుకోవాలంటే ఎవరినడగాలని అడిగింది. నేను తొందరలో ఉండి సరిగా వినలేదు" అంది.

ఇద్దరూ పరుగున వెళ్ళేసరికి గ్రంథాలయం లోపల ఫ్యాను చప్పుడు తప్ప ఏదీ లేదు. పిల్లల వరసలో చివరి కంప్యూటరు ముందు నీలం గౌను, రెండు జడలు. తెర నిండా అవే చీమల బారులు. పిల్ల పెదవులు కదుపుతూ చదువుతోంది, ఆగి సొంత మాటల్లో రాసుకుంటోంది.

అలికిడికి తలెత్తి తల్లిని చూసింది. చూడగానే మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నేను ఫోను చూడట్లేదమ్మా! కొట్టకమ్మా! ఇదొక్కటి రాసేసి వచ్చేస్తాను, కాజాలు కుడతాను."

రైలు గేటు దగ్గర కూడా పగలని అమ్మ గుండె అక్కడ పగిలింది.

"చప్పుడు లేదేమే మరి?" అంది, ఏమనాలో తెలియక.

"చదువుకుంటే చప్పుడు రాదమ్మా. నువ్వు భయపడతావని మోగేదే పెట్టుకున్నాను. అది చెప్పింది తప్పని నాకేం తెలుసు?"

టీచరమ్మ పిల్ల తల మీద చెయ్యి వేసింది. "తప్పు మీ ఒక్కరిదే కాదమ్మా. ఫోనులో వెతకండి అని పిల్లలకు చెప్పి ఊరుకున్నాం, ఎక్కడ వెతకాలో చూపించలేదు. ఇదిగో, ఇది పిల్లల విజ్ఞాన సర్వస్వం. రాసినవాళ్ళ పేర్లు కింద ఉన్నాయి. అర్థం కాని మాటకు నిఘంటువు ఈ పక్కన ఉంది. బడి పాఠాలు కూడా పైసా కట్టకుండా చదువుకోవచ్చు. ఒకచోట చదివింది ఇంకోచోట సరిచూసుకుంటే మోసపోరు. ఇవన్నీ మీ ఫోనులోనే వస్తాయి. గొంతు బాగుంటే చదువని, నోరు మూసుకుంటే చెడు అని మనం అనుకున్నంతకాలం పిల్లలు చీకట్లోనే తడుముకుంటారు."

అమ్మ మెడలోంచి టేపు తీసి చుట్ట చుట్టింది. కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూర్చుంది.

"చదివి వినిపించు. ధమనులంటే ఏంటో నాకూ చెప్పు."

పిచ్చుక గొంతెత్తింది. గ్రంథపాలకుడు కళ్ళజోడు పైనుంచి చూసి, "అమ్మా, ఇక్కడ చప్పుడు చెయ్యకూడదు" అన్నాడు.

"విన్నావా, ఈయన నన్ను తిరగేసిన మనిషిలా ఉన్నాడు" అని గుసగుసలాడింది అమ్మ. పిల్ల నవ్వబోయి ఏడ్చేసింది.

ఆఖరి ప్రశ్నకు జవాబు ఇంకా రాయాల్సే ఉంది. గ్రంథాలయం మూసేవేళ దగ్గరపడుతోంది. పొద్దున టీచరమ్మ బల్ల మీద ఆ కాగితాలు నిలుస్తాయో లేదో ఇద్దరికీ తెలియదు. తల్లి వేలు మాత్రం తెర మీద ఒక్కొక్క అక్షరం వెంట, కూతురి వేలి వెనకే, మెల్లగా నడుస్తోంది.

మన పిల్లలు ఏం చదువుతున్నారో గది అవతల నుంచి చెవులతో కాపలా కాస్తే తెలియదు. పక్కన కూర్చుని, వాళ్ళతో పాటు మనమూ చదివితేనే తెలుస్తుంది.