మేస్త్రీ చేతి ఆపిల్ కుకీలు

అబద్ధం చెప్పింది నేనే, ఒప్పుకుంటున్నాను. రెండేళ్ల కిందట మా తమ్ముడు భూమేశ్‌కు జగిత్యాలలో వాణి సంబంధం చూశాం. "గల్ఫ్‌ల బిల్డింగుల పనిచేసేటోడైతే నాకొద్దు" అని ఆ పిల్ల మొహం మీదే చెప్పేసింది. వాళ్ల బాబాయి దుబాయ్‌లో పరంజా మీంచి పడి చనిపోయాడట. పిల్ల చూస్తే బంగారం, సంబంధం చూస్తే చేజారిపోతోంది. నా నోరు ఊరుకుంటుందా? "మావోడు మస్కట్‌ల బేకరీ మాస్టర్" అనేశాను. మావాడు టైల్స్ మేస్త్రీ. పెళ్లయిపోయింది. మస్కట్‌కు తిరిగొచ్చాక వాడూ అదే మాట పట్టుకుని, ఫోన్‌లో పెళ్లానికి రోజుకో కేకు కాల్చేవాడు.

మొన్న వాణి విజిట్ వీసా మీద మస్కట్ వచ్చి, దార్సైట్ పేటలో నేను, మా ఆయన, తమ్ముడు ఉంటున్న ఫ్లాట్‌లోనే దిగింది. శుక్రవారం పొద్దున టీ తాగుతూ, "ఇయాల నీకు సెలవే గద, ఆపిల్ కుకీలు చేసిపెట్టు. రోజు ఫోన్ల చెప్పుడే గాని ఒక్కటన్న తినిపియ్యకపోతివి" అంది మొగుడితో.

భూమేశ్ నా వంక చూశాడు. నేను మా ఆయన రఘుపతి వంక చూశాను. ఆయన తెలివైనవాడు. "ముందుగాల కృష్ణుని గుడికి పోయొద్దాం పా చెల్లే" అని వాణిని వెంటబెట్టుకుని బయటపడ్డాడు. మాకు రెండు గంటలు దొరికాయి.

మా ఓవెన్ సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. ఐదేళ్లుగా అందులో మూకుళ్లు, పెనాలు దాచుకుంటున్నాను. అవన్నీ బయటికి లాగి, ఫోన్‌లో వీడియో చూస్తూ మొదలుపెట్టాం. వెన్న, చక్కెర గిలక్కొట్టి, గుడ్డు, మైదా, బేకింగ్ పౌడర్, దాల్చినచెక్క పొడి కలిపాం. రెండు ఆపిల్ పండ్లు తురిమి అందులో వేసి, ముద్దలు చేసి ఓవెన్‌లోకి తోశాం. పావుగంటకు తలుపు తీస్తే కుకీలు లేవు. పళ్లెం నిండా ఒకటే అట్టు.

"నీ బేకరీ పాడుగాను!" అని అరిచాను.

"నా బేకరీ ఏంది? పెట్టింది నువ్వే గదక్కా" అన్నాడు.

రెండో వాయికి మైదా గుమ్మరించాను. పైన రాయి, లోపల పచ్చి. ఇంకా నలభై నిమిషాలే ఉంది. నిజం తెలిస్తే ఆ పిల్ల వీణ్ణి జన్మలో నమ్మదు, వచ్చిన విమానంలోనే తిరిగి వెళ్లిపోతుంది. పచ్చని కాపురంలో నేనే నిప్పులు పోశానని నాకు ఏడుపొచ్చింది.

భూమేశ్ మూడో వాయికి తురిమిపెట్టిన ఆపిల్ ముందు గొంతుక్కూర్చున్నాడు. గుప్పెడు తీసి పిండాడు. వేళ్ల సందుల్లోంచి రసం బొటబొటా కారింది. వాడి మొహం వెలిగిపోయింది.

"అక్కా, ఇది తడి ఇసుకనే! ఇసుక తడిగుంటే సిమెంట్ల నీళ్లు తక్కువ పోస్తం. ఇసుకల నీళ్లు లెక్కల పట్టకుంటే అంత జారిపోతది. మనం ఆపిల్ నీళ్లు లెక్కల పట్టలే!"

ఇక వాణ్ణి ఆపడం ఎవరి తరం? నా కొత్త టవల్‌లో తురుము మూటగట్టి పిండేశాడు. గ్లాసెడు రసం వస్తే చెరిసగం తాగాం. పిండి కలిపాక పిడికిలి బిగించి తెరిచి చూశాడు. ముద్ద విరగలేదు, చెయ్యి తడవలేదు. "ఇగ సరిపోయింది" అన్నాడు. ముద్దలన్నీ ఒకే ఎడంతో వరసలుగా పేర్చి, గిన్నె అడుగుతో మెల్లగా నొక్కాడు. కాసేపటికి అంచులు ఎర్రగా కాలి, ఇల్లంతా దాల్చినచెక్క వాసన కమ్మింది. కుకీలు పళ్లెంలో పెడుతుండగానే బెల్ మోగింది.

వాణి ఒకటి తిన్నది. కళ్లు మూసుకుని ఇంకోటి తిన్నది. "అబ్బ! నిజంగ మాస్టరువే. ఆపిల్‌ల గన్ని నీళ్లుంటయి గద, ఇంత మంచిగ ఎట్లొచ్చినయి?"

హమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను. అంతలోనే మావాడు నోరు తెరిచాడు.

"అదే అసలు కిటుకు! తడి ఇసుక లెక్కనే. మొన్న మా సైట్ల గిట్లనే హెల్పర్ నీళ్లు ఎక్కువ పోసిండు..."

వాడి కాలు తొక్కాను. కాలు పక్కకు జరుపుకుని మరీ చెప్పాడు. ఫోర్‌మన్ భుజం తట్టి మెచ్చుకున్నదాకా చెప్పి, అప్పుడు ఆగాడు.

"ఏ సైట్ల?" అంది వాణి. చేతిలోని కుకీ కింద పెట్టేసింది.

ఇక దాచి లాభం లేదు. "తప్పు నాది వాణీ" అని మొత్తం చెప్పేశాను. ఆమె నన్ను చూడలేదు, వాణ్ణే చూస్తోంది.

"ఎన్నో అంతస్తుల చేస్తవ్?" అని అడిగింది.

"పైన చేసినా లోపలి గదుల్లనే. టైల్స్ పని. నేల మీద మోకాళ్లేసుకొని చేస్త. పడితే గిడితే నేల మీదనే పడ్త."

వాణి వాడి లుంగీ మోకాళ్ల పైకి లాగింది. రెండు మోకాళ్లూ నల్లగా కాయలు కాసి ఉన్నాయి. వాటిని వేళ్లతో నొక్కి నొక్కి చూసింది. కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే నవ్వేసింది.

"నేల మీద కూసొని చేసే పనికి రెండేండ్లు అబద్ధమాడినవా? పొయ్యి కాడ నీ చేతులు కాలుతున్నయేమో అని నేను రోజు దేవునికి మొక్కిన! లే, నువ్వు పరిచిన నేల నాకు చూపియ్యి."

సాయంత్రం మస్కట్‌లోనే ఖురం ఏరియాలో, వాడు నిరుడు టైల్స్ వేసిన షాపింగ్ మాల్‌కు వెళ్లాం. లోపల అడుగుపెట్టగానే వాణి చెప్పులు విడిచింది. "ఏడికెల్లి ఏడిదాక నీది?" అని అడిగింది.

"ఈ తలుపు కాడికెల్లి ఆ లిఫ్ట్ దాక" అన్నాడు వాడు సిగ్గుపడుతూ.

జనం వింతగా చూస్తున్నా లెక్కచేయకుండా, ఒట్టి కాళ్లతో లిఫ్ట్ దాకా నడిచి వెనక్కి వచ్చింది. "ఒక్క కాడ గూడ ఎత్తుపల్లం లేదు వదినె!" అని, ఆ నేల తనే పరిచినంత గొప్పగా చెప్పింది. ఈసారి వాడి చెయ్యి పట్టుకుని నడిచింది. చెప్పులు మాత్రం నా చేతికిచ్చి పోయింది. మోశాను. నేనాడిన అబద్ధానికి ఆ మాత్రం మోయాల్సిందే.