రాయి ఆపిన నీళ్ళు

సంగటి గెలికేటప్పుడు చెయ్యి ఆపితే ఉండలు కడుతుంది. అందుకే హాల్లో కూర్చున్న హరికృష్ణ ఫోన్లో స్నేహితుడితో, "మా ఆమెకేముందప్పా, రెండు క్లాసులు చెప్పొస్తాది, తక్కిందంతా ఖాళీనే" అన్నప్పుడు కూడా గీతాంజలి తెడ్డు ఆపలేదు. ఆ ఖాళీ ఎక్కడుందో ఆమెకూ చూడాలని ఉంది. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె ఎకనామిక్స్ చెబుతుంది. ముఖ్య అతిథి ఎవరైనా వస్తే బొకే పళ్ళెం పట్టుకోవడానికి స్టాఫ్‌రూంలో అందరికంటే ముందు గుర్తొచ్చేది కూడా ఆమే. ఇంటికొస్తే అత్త చిన్నసుబ్బమ్మ మోకాళ్ళకు నూనె, కూతురి హోంవర్కు, రేపటి కూర. వీటన్నిటి సందుల్లో పీహెచ్‌డీ. ఇంటికి కొళాయి వస్తే ఆడవాళ్ళ బతుకు ఏమన్నా మారుతుందా అన్నది ఆమె తీసుకున్న విషయం. చిన్నసుబ్బమ్మకు అది విడ్డూరం. నీళ్ళొస్తే తాగుతారు, దాంట్లో చదివేదేముందమ్మీ అంటుంది.

గైడు బదరీనారాయణ అలా కొట్టిపారేసే మనిషి కాదు. కానీ ఆయన వేసిన ప్రశ్న అంతకంటే గట్టిది. కొళాయిలున్న ఊళ్ళలో ఆడపిల్లలు ఎక్కువ చదువుతున్నారని నువ్వు చూపిస్తున్నావు, ఆ ఊళ్ళు మొదటినుంచీ కలిగిన ఊళ్ళేమో, నీళ్ళ వల్ల చదువొచ్చిందో, కలిమి వల్ల నీళ్ళూ చదువూ రెండూ వచ్చాయో ఎలా తేలుస్తావని అడిగాడాయన. గీతాంజలి ఆ ప్రశ్నను నోటుబుక్కులో రాసుకుంది. ఒకే ఊరిని రెండుగా చేసి, చీట్లు వేసి, సగానికి నీళ్ళిచ్చి సగానికి ఆపితే తేలుతుంది. అలా ఎవరు చేస్తారు? చేస్తే మాత్రం అది న్యాయమా? ఆ ప్రశ్న దగ్గరే ఆమె చదువు చాలాకాలం చతికిలబడింది.

మల్లిక చిన్నకూతురికి చెవులు కుట్టిస్తున్నామంటే గీతాంజలి దొడ్డిపల్లెకు పోయింది. మల్లిక ఆమె చిన్నమ్మ కూతురు. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారిలో దిగి లోపలికి నడవాలి. గొర్రెలు మేపుకునే కుటుంబాలు, కొన్ని తురకోళ్ళ ఇళ్ళు కలిసున్న చిన్న ఊరు. మల్లిక వాకిట్లో కొళాయి ధారగా పోతోంది. వీధికి అవతల ఇళ్ళ నుంచి ఆడవాళ్ళూ ఆడపిల్లలూ బిందెలెత్తుకుని పొలిమేరలో బోరింగు దగ్గరికి పోతున్నారు. వాళ్ళకెందుకు లేదు, వేరే పార్టీ వాళ్ళా అని అడిగింది గీతాంజలి.

"పార్టీ లేదు, కులం లేదక్కా. పైపు తవ్వుకుంటా వచ్చినారు. వీధి నడుమ నాపరాయి తగిలింది. మిషను పన్ను ఇరిగింది. కాంట్రాక్టరు మళ్ళొస్తా అని పోయినోడు ఇంతవరకు రాలా."

"అంతకుముందు రెండు పక్కలోళ్ళూ ఒక్కటేనా?"

"ఒక్కటే. మా ఆడబిడ్డ ఇల్లు ఆ పక్క, నాది ఈ పక్క. సైదున్నీసాది ఈడ, ఆమె చెల్లెలు దిల్షాద్‌బీది ఆడ. అందరం ఒకే బోరింగుకు పోయేవాళ్ళం."

గీతాంజలి వీధి నడుమకు తిరిగి చూసింది. చీట్లు వేసే పని భూమి ఎప్పుడో చేసేసింది. ఎవరు కలిగినవాళ్ళు, ఎవరు లేనివాళ్ళు, ఎవరు ఏ నాయకుడి మనుషులు అని రాయి చూడలేదు. ఎక్కడ పైకి తేలిందో అక్కడ నీళ్ళను ఆపింది, అంతే. పుస్తకాల్లో దీన్ని సహజ ప్రయోగమంటారు. ఎవరూ ప్రయోగం చేయాలని అనుకోకపోయినా ప్రయోగం జరిగిపోతుంది, చూసే కళ్ళుండాలి. చేతిలో ఉన్న వడల గిన్నెను అక్కడే గోడ మీద పెట్టి, వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది. ఏమైందక్కా నీకు, దిష్టి తగిలిందా అని మల్లిక నవ్వింది.

ఆ తర్వాత ఆదివారాలు దొడ్డిపల్లెవయ్యాయి. ఇంట్లో ఉండేదే ఆ ఒక్క దినం, అదీ పోతే ఎట్లా అన్నాడు హరికృష్ణ. ఆమె వాదించలేదు. తెల్లారకముందే వంట చేసి, గిన్నెల మీద మూతలు పెట్టి బస్సెక్కేది. రెండు పక్కలా ప్రతి ఇంట్లోనూ ఒకటే అడిగేది: నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం చేసినారు?

మొదట వచ్చిన జవాబులు ఆమెను కుంగదీశాయి. కొళాయి ఉన్న పక్క ఆడవాళ్ళు కూడా అవతలివాళ్ళంత పనే చేస్తున్నారు. నీళ్ళు దగ్గరికొచ్చాయని ఒక మొగుడు రెండో బర్రెను తోలుకొచ్చాడు. ఒక అత్త తన చీరలు కూడా ఉతకమంది. మిగిలిన కాలాన్ని ఇల్లు చప్పుడు లేకుండా మింగేసింది. అరుగు మీద కూర్చుని ఇదంతా చెబుతుంటే మల్లిక ఉన్నట్టుండి, "అందరినీ అడుగుతాండావు, నీ నిన్నటి దినం చెప్పక్కా" అంది. గీతాంజలి నవ్వుతూ మొదలుపెట్టింది. చెప్పేకొద్దీ నవ్వు తగ్గింది. ఇంట్లో కొళాయి ఉంది, గ్యాసుంది, మిక్సీ ఉంది, బట్టల మిషనుంది, జీతముంది. అయినా ఆమె దినం దిల్షాద్‌బీ దినంకంటే వదులుగా లేదు. పక్కన కూర్చున్న సైదున్నీసా, "అట్లయితే నీకూ మాకూ నడుమ రాయి లేదుమ్మా" అంది.

ఆమె అలాగే కుంగి ఉండిపోతే కథ అక్కడే ఆగేది. కానీ బడి ప్రధానోపాధ్యాయురాలు గౌరీ మేడం చూపించిన హాజరు ఆమెను మళ్ళీ లేపి కూర్చోబెట్టింది. పైపు రాకముందు రెండు పక్కల ఆడపిల్లలూ ఒకేలా బడి మానేసేవాళ్ళు. వచ్చాక కొళాయి పక్క పిల్లలు దాదాపు మానడం లేదు, అవతలివాళ్ళు ఎప్పటిలాగే మానుతున్నారు. మరి మగపిల్లలు? అదీ చూసింది. మగపిల్లల హాజరు రెండు పక్కలా ఒకటే, పైపుకు ముందూ తర్వాతా ఒకటే. ఆమె బల్ల మీద చెయ్యి చరిచి గట్టిగా నవ్వేసింది. కొత్త బడీ కాదు, కొత్త టీచరూ కాదు, ఊరి కలిమీ కాదు. అవే కారణమైతే మగపిల్లలూ మారేవాళ్ళు. వాళ్ళు మారలేదు, ఎందుకంటే ఏనాడూ బిందె ఎత్తలేదు. మల్లికకు చెబితే ఆమెకు వింతేమీ అనిపించలేదు. "నాకు మిగిలిందేముందిలేక్కా. పెద్దపిల్ల బడికి పోతాంది, సాల్లే" అంది. తల్లులు తమకు దక్కని కాలాన్ని కనీసం కూతుళ్ళకు దక్కించారు.

బదరీనారాయణ ఫోన్లో విని, హాజరు అంకెలు మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు. తర్వాత, ఇన్నేళ్ళలో నా విద్యార్థులెవరూ ఇంత శుభ్రమైన రుజువు తేలేదమ్మా అన్నాడు. అంతలోనే ఆయన మరో మాట కలిపాడు. అవతలి పక్కవాళ్ళు నీళ్ళ కోసం అర్జీ పెడతామంటున్నారన్నావే, వాళ్ళకూ వచ్చేస్తే నీకు పోల్చడానికేమీ మిగలదు, పేపరు అచ్చయ్యేదాకా ఆ అర్జీలో చెయ్యి పెట్టకు.

అర్జీ రాసిపెట్టమని అడిగింది దిల్షాద్‌బీ. ఆమె కూతురు రిహానా ఎనిమిదో తరగతి. వారంలో సగం దినాలు బోరింగు దగ్గరే ఉంటుంది. పేపరు అచ్చయ్యేలోగా రిహానా బడి మానేస్తుంది, ఆ తర్వాత వచ్చే నీళ్ళు ఆమె చదువుకు పనికిరావు. గీతాంజలికి తన కోపం ఎవరి మీదో మొదట అర్థం కాలేదు. తాను గెలవాలంటే ఒక పిల్ల బిందె మోస్తూనే ఉండాలా? కాలేజీ మెట్లెక్కుతూ ఆలోచిస్తుంటే మెట్టు మధ్యలో ఆగిపోయింది. అవతలి పక్కకూ నీళ్ళొచ్చి, సరిగ్గా అప్పటి నుంచే అక్కడి ఆడపిల్లలూ బడిలో నిలబడితే? రుజువు చెడదు, రెండింతలవుతుంది. అలా జరక్కపోతే తన మాట తప్పని తెలుస్తుంది, తెలియనీ. అక్కడి నుంచే ఫోన్ చేసింది.

"నేను ఆగలేను సార్. వాళ్ళతో పోతాండా."

రుజువు రెండింతలయ్యే దారి ఆమె చెబితే విని బదరీనారాయణ, సరే, నేను చెప్పింది తప్పు, పోయి రా అన్నాడు.

సోమవారం జమ్మలమడుగులోని నీళ్ళ సరఫరా ఆఫీసులో దిల్షాద్‌బీ ముందు నిలబడింది, మిగతా ఆడవాళ్ళూ గీతాంజలీ వెనక. హాజరు సంగతి విన్న అధికారి ఇంజనీరును పిలిపించాడు. కొన్ని వారాలకు రాయి కోసే మిషనొచ్చింది. నీళ్ళు మొదట ఎర్రగా, తర్వాత తెల్లగా వచ్చినప్పుడు దిల్షాద్‌బీ దోసిలి పట్టి గీతాంజలి మొహాన చల్లింది. మరుసటి ఏడు గౌరీ మేడం తనే ఫోన్ చేసింది. రిహానా వాళ్ళ వైపు పిల్లలు కూడా ఇప్పుడు మానడం లేదని చెబుతుంటే ఆమె గొంతులోనూ సంబరమే. క్లాసు మధ్యలో ఉన్న గీతాంజలి ఆ మాటను అప్పటికప్పుడే పిల్లలకు చెప్పేసింది.

పులివెందులలో జరిగిన సెమినార్లో ఆమె బొకే పళ్ళెం పట్టుకోలేదు. మైకు పట్టుకుంది. భయం మొదటి వాక్యంతోనే పోయింది. మగపిల్లల సంగతి చెప్పగానే హాలంతా నవ్వి, ఆ వెంటనే రాసుకోవడం మొదలుపెట్టింది. భోజనాల దగ్గర బెంగళూరు నుంచి వచ్చిన ఒక పరిశోధనా సంస్థ డైరెక్టరు ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. నీళ్ళు సగంలో ఆగిన ఊళ్ళు, రోడ్డు సగంలో ఆగిన ఊళ్ళు ఈ జిల్లాలో ఇంకా ఉంటాయి, వాటన్నిటినీ చూసే పని మీరే నడపాలి, ఏడాదిపాటు వారంలో మూడు దినాలు ఊళ్ళలోనే ఉండాల్సొస్తుంది అన్నాడు. ఆమెకు ఆ ఊళ్ళు అప్పుడే కళ్ళకు కట్టాయి. పక్కనే బదరీనారాయణ తన సంతోషాన్ని దాచుకోలేకపోతున్నాడు.

"తొందరేం లేదు మేడం" అన్నాడు డైరెక్టరు మర్యాదగా. "ఇంట్లో అడిగి చెప్పండి."

గీతాంజలి చెయ్యి కడుక్కుని కొంగుతో తుడుచుకుంది.

"ఒప్పుకున్నాను సార్. ఇంట్లో అడిగేదేం లేదు, చెప్పేదే."