కుడి పక్క గీతలు

ముందు వాసన వచ్చింది. కొత్త ధాన్యం వాసన — పచ్చిగా, కొంచెం తియ్యగా.

తర్వాత మలుపు.

అవనిగడ్డ నుంచి నాగాయలంక వచ్చే దారిలో, కాలువ ఎడమకి తిరిగేచోట, రోడ్డుకి కుడి సగమంతా ధాన్యం ఆరబోసి ఉంది. అటు పసుపు. ఇటు నీళ్ళు. మధ్యలో ఒక్క బండి పట్టేంత నల్లటి దారి.

హెప్సిబా వేగం తగ్గించింది. బండిని ఎడమకి వంచింది.

బండి కుడికి పడింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. గింజలు మాత్రం గుప్పున లేచి, చినుకుల్లా రాలాయి.

వెనక కూర్చున్న భర్త విల్సన్ ధాన్యం మీదే పడ్డాడు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి అతని ఎడమ చెయ్యి, ఎడమ కాలు సగమే మాట వింటున్నాయి. మాట వినే కుడి చెయ్యిని నేలకి ఆనించబోయాడు. అరచెయ్యి చెక్కుకుపోయింది.

ధాన్యం తిరగేస్తున్న రైతు వెంకటాద్రి పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మాయ్, దెబ్బలేమన్నా తగిలినయ్యా?"

"నాకేం కాలేదండీ... మీ ధాన్యమే, అంతా చెల్లాచెదరైపోయింది."

"ధాన్యానికేముందమ్మా, ఊడిస్తే వచ్చిద్ది. ముందాయన్ని లేపు."

తన ట్రాక్టరు ట్రక్కులో బండినీ, ఇద్దరినీ ఇంటి దగ్గర దింపించాడు.

ఆ బండి విల్సన్‌ది. ఇరవై ఏళ్ళు అతను నడిపాడు, ఆమె వెనక కూర్చుంది. ఈ వేసవిలో చర్చి పక్క ఖాళీ స్థలంలో, పడుతూ లేస్తూ, ఆమె నడపడం నేర్చుకుంది. అవనిగడ్డలో అతనికి వారం వారం ఫిజియోథెరపీ. ఆమె ముందు. అతను వెనక, సీటు చివరి కడ్డీ పట్టుకుని.

"ఇంక నేను నడపనండీ," అంది ఇంటికి రాగానే. "మిమ్మల్ని పడేశాను. ఈసారి నుంచి ఆటో మాట్లాడుకుందాం."

విల్సన్ చెక్కుకుపోయిన అరచెయ్యి చూసుకున్నాడు.

తెల్లవారాక మునగచెట్టు కింద బండిని స్టాండు వేసి నిలబెట్టింది. నడపకపోయినా బాగుచెయ్యాలిగా. అతను ఎదురుగా కుర్చీలో, అరచేతికి కట్టుతో. ఆమె నేల మీద, చేతిలో పానా.

అతను చెప్తున్నాడు. ఆమె తడిమి చూస్తోంది.

అద్దం — పగిలింది. కుడిది.

బ్రేకు లివరు — వంగింది. అదీ కుడిదే.

కాలు పెట్టుకునే రాడ్డు వెనక్కి వంగి, బ్రేకు పెడలుని నొక్కిపట్టింది. కుడి పక్కే.

లేచి ఎడమ పక్కకి వెళ్ళింది. ఒక్క గీత లేదు. ఎప్పటిదో ఎండిన బురద కూడా రాలలేదు.

ఆ బురదని చూస్తూ ఉండిపోయింది.

"నేను ఎడమకే వంచానండీ. బాగా గుర్తుంది నాకు. మరి కుడికెందుకు పడ్డాం?"

మునగపూలు రాలుతున్నాయి. ఒకటి సీటు మీద. ఒకటి అతని ఒళ్ళో...

"ముందు హ్యాండిల్ సంగతి చూడు," అన్నాడు.

చక్రం తిన్నగా ఉంది. హ్యాండిలు పక్కకి చూస్తోంది. బోల్టులు వదులు చేసి, ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి, రెండు చేతులతో హ్యాండిల్ని తిప్పింది. అతను ఒక కన్ను మూసి చూశాడు.

"ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, చాలు."

ఆమె బోల్టులు బిగిస్తుంటే, మెల్లగా —

"నేనే."

"ఏంటండీ?"

"నువ్వు ఎడమకి వంచావు. నాకు కాలవ కనపడింది. భయమేసింది. కుడికి ఒరిగిపోయాను, గట్టిగా. పడేసింది నువ్వు కాదు."

పానా ఆగింది.

ముందు కోపం వచ్చింది. ఆ వెనకే, ఎత్తిన బిందె దించినట్టు, భుజాలు తేలికయ్యాయి.

"నిన్ననే చెప్పొచ్చుగా?"

"చెప్పొచ్చు." తల వంచుకున్నాడు. "ఇన్నేళ్ళు నా వెనక కూర్చున్నావు. ఎప్పుడూ ఇలా చెయ్యలేదు. నాకు... వెనక కూర్చోడం రాదు హెప్సిబా."

ఆమెకి నవ్వొచ్చింది. కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. గ్రీజు చేతులతో తుడుచుకోలేక, మోచేత్తో తుడుచుకుంది.

"రాకపోతే నేర్చుకోండి. నేను నేర్చుకోలేదా?"

"ఎట్టా?"

"మీరు నడిపేటప్పుడు నేను రోడ్డు చూసేదాన్ని కాదండీ. మీ చొక్కా కాలరు చూసేదాన్ని. అది ఎటు ఒరిగితే అటు."

అతను ఆమెకేసి చూశాడు. కొత్త మనిషిని చూసినట్టు.

వంగిన రాడ్డుకి ఇనప గొట్టం తొడిగి, బలమంతా పెట్టి లాగి సరిచేసింది. కొత్త లివరు, అద్దం తెప్పించి బిగించింది. గీతలు గీతల్లాగే ఉన్నాయి.

అతని అరచేతి కట్టు విప్పిన సాయంత్రం కరకట్ట ఎక్కారు. నది మీంచి ఉప్పుగాలి. అతని చెయ్యి కడ్డీ వదిలి ఆమె భుజం మీదికి వచ్చింది. ఎదురొచ్చిన వాళ్ళు చూశారు. చెయ్యి తియ్యలేదు.

కట్ట ఎడమకి తిరిగింది. ఆమె ఒరిగింది.

ఒక్క క్షణం ఆలస్యంగా — అతని బరువు కూడా ఆమెతో వచ్చింది.

దూరంగా ఇంకో మలుపు. పెద్దది. రెల్లు అడ్డంగా ఉంది, అవతల ఏముందో కనపడదు.

"ఇప్పుడా?" అన్నాడు ఆమె చెవి దగ్గర.

"ఇంకా కాదండీ... ఉండండి. నేను చెప్తాగా..."