రెండో కొస

దుప్పటి మడత పెట్టడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. అయినా ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒక్కదాన్నే పెడుతున్నాను. ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు బారచాపి కొసలు కలిపేలోగా కింది అంచు నేలంతా ఊడ్చేస్తుంది. మా ఆయన బతికున్న రోజుల్లో పక్కనే కుర్చీలో కూర్చుని చూసేవాడు. "ఇంత వయసొచ్చినా నీకు దుప్పటి మడత రాలేదే" అనేవాడు. లేచి రెండో కొస పట్టుకోవచ్చని ఆయనకి తోచలేదు. నాకూ అడగాలని తోచలేదు. నిజం చెప్పాలంటే ఆ కొస ఇంకెవరి చేతిలోనూ చూడలేను. అది మా అక్కది.

అక్కంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, జానెడు పొడుగు. నా పెళ్ళయిన రెండో ఏడు మా అత్తగారు ఇద్దర్నీ వెనక గదిలోకి పిలిచి తలుపేసింది. పెట్టె అడుగునుంచి బూడిదరంగు శాలువా ఒకటి తీసి భుజాల మీద వేసుకుంది. గోడవారనున్న ఇనుప బీరువాని, అటక మీది పిల్లిని దింపినట్టు రెండు చేతుల్తో ఎత్తి పక్కన పెట్టింది. మేం నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, బీరువా కింద పదేళ్ళుగా పేరుకున్న దుమ్ము చూపించి, "ముందు అది ఊడ్చండి, తరవాత ఆశ్చర్యపోదురుగాని" అంది.

ఊడ్చాక చెప్పింది. ఇది కప్పుకున్నవాళ్ళకి ఎంత బరువూ బరువు కాదు. లాక్కుంటే పనిచెయ్యదు, కప్పుకున్న మనిషి తన చేత్తో ఇంకొకరి చేతికి ఇస్తేనే ఆ బలం వాళ్ళకి వెళుతుంది. ఇంకొకటి, ఎత్తినదంతా ఈ గుడ్డలోనే ఉండిపోతుంది. అందుకని ఏ రోజుది ఆ రోజు ఇద్దరూ చెరో కొస పట్టుకుని మడత పెట్టాలి. ఒక మడతకి సగం, ఇంకో మడతకి పావు, అలా ఎవరికీ తెలియనంత అయిపోతుంది. ఒక్కరే ఉంచేసుకుంటే నడుం విరుగుతుంది. ఆవిడ తన ఆడపడుచుతో కలిసి మడిచేదట. ఆడపడుచు పోయాక రెండేళ్ళు ఒక్కతే మోసి, ఇక చాలనుకుంది.

అలా రోజు విడిచి రోజు వంతులేసుకున్నాం. ఇద్దరం ఒకేసారి వెళితే వంటింట్లో ఎవరుంటారు? ఒకరు కూలిన గోడ ఎత్తుతుంటే ఒకరు అంట్లు తోమేవాళ్ళం. ఊళ్ళో శాలువామె అని పేరు పడింది. ఒకనాడు పొడుగ్గా, ఒకనాడు పొట్టిగా కనిపించేసరికి, ఆమె కోరినంత ఎత్తుకి మారగలదని పేపర్లో రాశారట. మా గురించి రాసింది మేమే చదువుకోవాలని, పొట్లం కాయితాల మీద కూడబలుక్కుంటూ ఇద్దరం అక్షరాలు నేర్చుకున్నాం. నాకు చదువొచ్చింది అలాగే.

బావగారు పొద్దున్నే పేపరు విప్పి, "ఆడదంటే అలా ఉండాలి. మనింట్లోనూ ఉన్నారు, గ్యాసు బండ కదపడం రాదు" అనేవారు. అక్క ఆయన గ్లాసులో నీళ్ళు పోస్తూ నావైపు చూసేది కాదు. చూస్తే నవ్వు ఆగదని. ముందు రోజు తను నదిలోంచి లారీని తీసి ఒడ్డున పెట్టింది. మా ఆయనది మరో మాట. నేను సాయంత్రం తలుపు తీయడం నిమిషం ఆలస్యమైతే, "పొద్దస్తమానం ఇంట్లో చేసేదేముందని" అనేవాడు. నిజం చెప్పేదాన్ని కాదు. చెబితే శాలువా ఆయన చేతికి ఇవ్వాల్సొస్తుందని భయం. ఇంట్లో మంచి వస్తువేదైనా మగవాళ్ళ పెట్టెలోకే చేరేది.

ఆ ఏడు, ఇలాంటి శక్తులున్నవాళ్ళ దగ్గర్నించి వాటిని ఎత్తుకుపోయే దొంగ తిరుగుతున్నాడన్న మాట పాకింది. మంటల్లో నడిచినా కాలని ఫైరింజను మనిషి ఒకనాడు రెండు చేతులూ కాల్చుకున్నాడు. చీకట్లో పట్టపగల్లా చూడగలిగే కరెంటు లైన్‌మన్ స్తంభం మీద తడుముకోవడం మొదలెట్టాడు. ఎవడు తీసుకున్నాడు, ఎలా తీసుకున్నాడంటే ఇద్దరూ తల దించుకునేవాళ్ళు తప్ప చెప్పలేదు. అత్తగారు జాగ్రత్త అంది. మేం నిశ్చింతగానే ఉన్నాం. దొంగంటే లాక్కునేవాడు కదా, మాది లాక్కుంటే పనిచేసేది కాదు కదా అనుకున్నాం.

ఆ ముందు రోజు అక్క వంతు. క్వారీలో పనివాళ్ళ మీద పడిన రాళ్ళు తీసి, వస్తూ వస్తూ పొరుగింట్లో వదిలిన నా కూతుర్ని ఎత్తుకొచ్చింది. మూడేళ్ళ పిల్ల, శాలువా మీద చెంప ఆనించి నిద్రపోతోంది. మడత పెడదామంటే లోపల్నించి బావగారు చొక్కా ఇస్త్రీ కాలేదని కేకేశారు. "రేపు రెండు రోజులదీ కలిపి మడుద్దాంలేవే" అంటూ అక్క శాలువా నా చేతుల్లో పెట్టింది. పిల్లని మంచం మీద పడుకోబెట్టి, ఇస్త్రీపెట్టె తీసుకుని వెళ్ళిపోయింది.

తెల్లారి నేను. పట్టాలు తప్పిన గూడ్సు పెట్టెలు సరిచేసేసరికి మధ్యాహ్నమైంది. ముందు రాత్రి చుట్టాలకి వడ్డించాక గిన్నెలో ఏమీ మిగల్లేదు, పొద్దున తినే వీలు దొరకలేదు. శాలువాతో బరువు తెలియదుగాని ఆకలి తెలుస్తుంది. మూసిన కొట్టు మెట్ల మీద కూలబడి, ఉక్కకి శాలువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఒకాయన ఆగాడు. నున్నగా దువ్విన జుట్టు, ఉతికిన చేతిరుమాలు, చేతిలో గ్లాసు.

"బాగా అలసిపోయారమ్మా. ఇటివ్వండి, కాసేపు నేను పట్టుకుంటాను. మీరు ఈ నీళ్ళు తాగండి" అన్నాడు.

అంతే. ఒక్క మాట. పెళ్ళయిన ఆరేళ్ళలో నా చేతిలో ఉన్నది ఏదైనా కాసేపు పట్టుకుంటానన్నవాళ్ళు అక్క తప్ప లేరు. కత్తి చూపించి ఉంటే ప్రాణం పోయినా ఇచ్చేదాన్ని కాదు. సంచీ ఇచ్చినట్టు ఇచ్చేశాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ చల్లదనం ఇప్పటికీ గొంతులో ఉంది, అదే నా సిగ్గు. గ్లాసు దించేసరికి ఆయన లేడు. ఫైరింజను మనిషి ఎందుకు తల దించుకున్నాడో అప్పుడు తెలిసింది.

వీధులన్నీ వెతుకుతుంటే మార్కెట్టు వైపు నుంచి పెద్ద చప్పుడైంది. కప్పు దూలం జారింది. అక్క కూరగాయలకని వెళ్ళింది. బతికి బయటపడ్డ పళ్ళమ్మే ఆవిడ చెప్పింది, అక్క దూలం కింద భుజం పెట్టి నిలబడిందట, శాలువా లేకుండా, ఉత్త భుజం. వాళ్ళని ఒక్కొక్కర్నే బయటికి పొమ్మంటూ, "భయపడకండి, మా చెల్లి వచ్చేస్తుంది. ఇప్పుడే వచ్చేస్తుంది" అంటూనే ఉందట.

నేను వెళ్ళాను. ఉత్త చేతుల్తో వెళ్ళాను. అప్పటికి అక్కడ దుమ్మే ఉంది.

శాలువామె రాలేదు, పద్నాలుగు మంది బయటపడ్డారు, ఒక గృహిణి మృతి అని పేపర్లో వేశారు. అక్క గురించి ఒక్క ముక్క. పరామర్శకొచ్చిన వాళ్ళతో బావగారు, "అందరూ పరిగెత్తారు, తను మాత్రం బిత్తరపోయి నిలబడింది" అన్నారు. అత్తగారికి మాత్రం దొంగ శాలువా లాక్కుపోయాడని చెప్పాను. లాక్కుంటే పనిచెయ్యదని నాకు చెప్పిందే ఆవిడ. నా మొహంలోకి ఒకసారి చూసి, సరేనంది. ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది. ఒక్కనాడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఆ నీళ్ళిచ్చినాయన మరో ఊళ్ళో మహా బలవంతుడయ్యాడు. సభల్లో దండలు వేయించుకుని, ఇది దేవుడిచ్చిన బలమని చెప్పేవాడు. కోటు కింద మెడ దగ్గర బూడిదరంగు అంచు ఫొటోల్లో కనిపించేది. అవన్నీ కత్తిరించి దాచాను, ఎందుకో తెలియదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఫొటోల్లో మనిషి వంగుతూ వచ్చాడు.

మొన్న మధ్యాహ్నం ఉతికిన బట్టలు తీస్తుంటే తలుపు చప్పుడైంది. తీస్తే ఆయనే. నడుం రెండుగా వంగి, మొహం నా మోకాళ్ళ ఎత్తున ఉంది. రుమాలు ఇప్పటికీ శుభ్రంగానే ఉంది. భయంతో ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయనేమైనా చేస్తాడని కాదు. మళ్ళీ మెత్తగా మాట్లాడితే నేనేం చేస్తానోనని.

"మీరేగా" అన్నాడు. మీ ఇల్లు కనుక్కోవడానికి చాలా తిరిగానన్నాడు. ఇవ్వడానికి రాలేదని ముందే చెప్పాడు. ఇది ఏటికేడు బరువెక్కుతోంది, పడుకున్నా దిగడం లేదు, మీ ఆడవాళ్ళు ఎలా తేలిక చేసేవాళ్ళో చెబితే వెళ్ళిపోతానన్నాడు.

నా చేతిలో సగం మడిచిన దుప్పటి ఉంది. దానివైపు చూశాను.

"మడత పెట్టాలి" అన్నాను.

"అంతేనా?"

"అంతే. ఒక్కరివల్ల కాదు. మీరెప్పుడైనా దుప్పటి మడత పెట్టారా?"

"ఆ పనులకి ఇంట్లో మనుషులుండేవారు" అన్నాడు.

శాలువా తీసి ఒక అంచు తన గుప్పిట్లో గట్టిగా పట్టుకునే రెండో అంచు నాకు అందించాడు. బలం ఇంకా ఆయన దగ్గరే ఉంది. నా రెండు కొసలూ కలిపాను, ఆయన్నీ కలపమన్నాను. ఒక మడత పడింది. ఆయన నడుం కాస్త లేచింది. ఆ హాయికి కళ్ళు మూసుకున్నాడు. "ఇప్పుడు ఇటు నడిచి రండి. మీ కొసలు నా కొసల మీద పెట్టండి" అన్నాను. లోకంలో ఏ ఇంట్లోనైనా దుప్పటి అలాగే మడుస్తారు, ఒకరు నడిచొచ్చి రెండోవాళ్ళ చేతిలో పెడతారు. ఒక్కసారైనా మడిచినవాడికి తెలిసేది. ఆయన నడిచొచ్చి, తన కొసలు నా చేతుల్లో పెట్టి వదిలేశాడు. ఇంటిపని ఒక్కటి చేసిన మగవాడు నిలబడినట్టు, మెచ్చుకుంటానేమోనని నిలబడ్డాడు.

అప్పుడు ఆయన నిటారుగా అయ్యాడు. నేను నేల మీద కూలబడ్డాను.

తన ఖాళీ చేతులు చూసుకున్నాడు. "నేను ఇవ్వలేదు" అన్నాడు.

"ఇచ్చారు. నేనూ అలాగే ఇచ్చాను."

లాక్కోబోలేదు. లాభం లేదని తెలుసు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అదే గొంతుతో, "ఈ వయసులో మీరెక్కడ మోస్తారమ్మా. అలసిపోతారు, ఇటివ్వండి" అన్నాడు. నా వేళ్ళు సడలాయి. నిజంగానే సడలాయి. ఇన్నేళ్ళ తరవాత కూడా. ఉత్త భుజంతో నిలబడ్డ అక్క గుర్తొచ్చి వాటిని మళ్ళీ బిగించాను. ఆయన పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"నీళ్ళు ఆ బిందెలో ఉన్నాయి. మీరే ముంచుకు తాగి వెళ్ళండి" అన్నాను.

తాగకుండానే వెళ్ళాడు.

సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. ఆయన ముప్పై ఒక్క ఏళ్ళ బరువు ఒళ్ళో ఉంది, లేవలేను. డ్యూటీ దిగి కూతురొచ్చింది. ఆసుపత్రిలో రోగుల్ని మంచం మీంచి బండి మీదికి మార్చే పని దానిది. నడుముకి పట్టీ లేనిదే నిలబడలేదు. రోజంతా తోసుకు తిరగడమేగా అంటాడట అల్లుడు. నన్ను నేల మీద చూసి పడ్డావా అని పరిగెత్తుకొచ్చింది. పడలేదు, కూర్చోమన్నాను. అంతా చెప్పాను. శాలువా సంగతి, వంతుల సంగతి, దూలం కింద పెద్దమ్మ సంగతి. లాక్కుపోయాడనే చెప్పొచ్చు. నోటికి అలవాటైన మాట. కాని ఈ కొస దానికివ్వాలంటే అబద్ధంతో కలిపి ఇవ్వకూడదనుకున్నాను.

"లాక్కోలేదు. నేనే ఇచ్చాను. గ్లాసుడు నీళ్ళకి" అన్నాను.

అది లేచి లోపలికి వెళ్ళింది. నాకు వెళ్ళిపోయిన వాళ్ళ అడుగుల చప్పుళ్ళన్నీ గుర్తే. ఇదీ ఒకటనుకున్నాను. కుళాయి చప్పుడైంది. చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏడుపు తరవాత చూసుకుందాం. నా కొస ఏదీ?" అంది.

చేతికిచ్చాను. ఒక మడత. ఇంకో మడత. రాళ్ళు, ఇనుము, సభల్లో ఎత్తిన బండలు ఒక్కొక్కటే తేలిపోతున్నాయి. మూడో మడతకి లేచి నిలబడగలిగాను. నాలుగో మడతకి కొసలు పట్టుకుని నావైపు నడిచొస్తూ నా కూతురు సగం దారిలో ఆగిపోయింది. తల పక్కకి వంచి, గుడ్డని మెల్లిగా భుజానికి ఆనించుకుని, వింటున్నట్టు నిలబడింది.

"అమ్మా, నెమ్మదిగా" అంది. "ఇందులో ఎవరో పాప నిద్రపోతోంది."